ఒక మెనూ, రెండు ఐత్వాలు

ఈ టపా ఒక మెనూ గురించి. బ్లాగు పేరు కింద అడ్డంగా పరచిన ఆరు మాటల పట్టీ అది: ఊరు, పత్తి, మిరప, రైలు, రైతు, కైఫీయతులు. 2009లో నేనే మూస తెరిచి చేత్తో రాసి పెట్టుకొన్నాను. వాటిలో మొదటి మూడు మాటలూ నిజం చెబుతున్నాయనీ, తక్కిన మూడూ సగమే చెబుతున్నాయనీ పదిహేనేళ్ళ తరువాత గాని నాకు తెలిసిరాలేదు. తప్పు ఎక్కడ ఉన్నదో వెతుకుతూ పోయిన కొద్దీ మన తెలుగు బ్లాగుల చరిత్రే పొరలు పొరలుగా బయటపడింది. మూసలు తెరిచి చేతులు కాల్చుకొన్న పాత మిత్రులకు ఇందులో కొంత తెలిసినదే కావచ్చు. అయినా ఒకచోట రాసి ఉంచడం మంచిదనిపించింది.

ముందుగా ఆ బ్లాగు సంగతి చెప్పాలి. అది నా ఒక్కడిదే కాదు, మా మేనమామగారిది కూడా. ఆయనది నల్లపాడు. గుంటూరు దాటి పడమటికి పోయే బండ్లకు దారి చీలే చోటు అది. అక్కడి నుంచి ఒక మార్గం నరసరావుపేట, నంద్యాల మీదుగా గుంతకల్లుకు పోతుంది. మరొకటి సత్తెనపల్లి, నడికుడి మీదుగా పగిడిపల్లికి పోతుంది. ఆయన రైల్వేలో పనిచేసి విరమించారు. కొద్దిపాటి చేను ఉండేది. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. సాయంత్రాలు నోటు పుస్తకంలో రాసుకొనేవారు. బండ్లు, గేట్లు, సిగ్నళ్ళు, చేలు, కల్లాలు, మెకంజీ దొర సేకరించిన కైఫీయతుల్లో మన పల్లెల ముచ్చట్లు, అన్నీ ఆ పుస్తకాల్లో ఉండేవి. 2007 నుంచి నేను వాటిని టైపు చేసి బ్లాగులో పెట్టసాగాను. అంతకు ముందే, 2003 ప్రాంతంలో, పుస్తకంగా వేద్దామన్న ఆశతో ఆయన గుంటూరులో ఒక డీటీపీ కేంద్రంలో కొన్ని వ్యాసాలు కంపోజు చేయించి ఉన్నారు. పుస్తకం రాలేదు. ఆ ఫైళ్ళు యూనికోడు కాని ఖతిలో ఉండిపోయాయి. వాటిని ఒక మార్పిడి పరికరంతో యూనికోడులోకి తెచ్చి, అవి కూడా బ్లాగులో చేర్చాను. 2013లో మామయ్య పోయారు. బ్లాగు అలాగే ఉన్నది.

మొన్న ఒకరోజు ఆయన మనుమరాలు ఫోను చేసింది. "మామయ్యా, గేజి మార్పిడి గురించి తాతయ్య రాశారని నాన్న అంటున్నారు. రైలు అన్నచోట నొక్కితే తొమ్మిదే వస్తున్నాయి. వాటిలో అది లేదు" అన్నది.

ఉన్నదని నాకు తెలుసు. మీటరు గేజి పట్టాలు తీసి బ్రాడ్ గేజి వేసిన 1990ల నాటి ముచ్చట అది. ఆయన రాసినవాటిలో నాకు మిక్కిలి ఇష్టమైనది. నెలల వారీ భాండాగారంలోకి వెళ్ళి చూస్తే దొరికింది. టపా అడుగున "రైలు" అన్న వర్గం కూడా ఉన్నది. ఆ మాట మీద నొక్కితే పద్నాలుగు టపాలు వచ్చినవి. పైన మెనూలో ఉన్న "రైలు" మీద నొక్కితే తొమ్మిది. రెండు పుటల నెత్తినా అదే పేరు. కాని ఒక పుటలో ఉన్న టపా రెండవ పుటలో ఒక్కటీ లేదు.

నా మొదటి అనుమానం మూస మీదకే పోయింది. మనలో ఎవరికైనా అంతే గదా! ఏది చెడినా మూసనే తిట్టుకోవడం మనకు అలవాటు. ఆ అలవాటుకు కారణం కూడా ఉన్నది.

మెనూ అన్న ఆలోచన మన బ్లాగుల కంటె చాలా పాతది. భోజనశాలలో వంటకాల జాబితాకు ఫ్రెంచివారు పెట్టుకొన్న పేరు అది. కంప్యూటరు తెర మీదకు, అక్కడి నుంచి జాలంలోకి వచ్చింది. 1991లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పుట్టిన గోఫర్ అయితే మొత్తం మెనూల మీదనే నడిచేది. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో కూడా మొదట్లో మెనూ పేరుతోనే ఒక గుర్తు ఉండేది. 1995 నవంబరులో వెలువడిన రెండవ కూర్పు నిర్దేశంలో అది ఉన్నది. 1997 డిసెంబరు నాటి నాలుగవ కూర్పు దానిని వాడవద్దన్నది. దాని బదులు మామూలు జాబితా గుర్తులనే వాడి, సీఎస్‌ఎస్‌తో వాటి చుక్కలు తీసివేసి అడ్డంగా పరచడం వాడుకలోకి వచ్చింది. 2002 సెప్టెంబరులో "ఎ లిస్ట్ అపార్ట్" పత్రికలో మార్క్ న్యూహౌస్ రాసిన వ్యాసం ఈ పద్ధతిని చాలామందికి నేర్పింది. మరుసటి ఏడు నవంబరులో అదే పత్రికలో పాట్రిక్ గ్రిఫిత్స్, డాన్ వెబ్ కిందికి జారే మెనూను చూపించారు. దానికి సకర్‌ఫిష్ అని పేరు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6కు లంకె మీద తప్ప మరి దేని మీద ఎలుకబాణం నిలిచినా తెలియదు గనుక, దాని కోసం కొద్దిగా జావాస్క్రిప్టు కలపవలసి వచ్చేది. మనం ఎక్కడెక్కడి నుంచో నకలు తెచ్చి అతికించుకొన్న మెనూలలో చాలా వాటికి మూలపురుషుడు ఆ సకర్‌ఫిష్షే.

బ్లాగు సేవలలో మెనూకు సొంత చోటు చాలా ఆలస్యంగా దొరికింది. 1999 ఆగస్టులో పైరా ల్యాబ్స్ ప్రారంభించిన బ్లాగరును 2003 ఫిబ్రవరిలో గూగుల్ కొన్నది. 2004 మే నెలలో కొత్త మూసలు వచ్చాయి. వాటిలో డగ్లస్ బౌమన్ రూపొందించిన మినిమా మన తెలుగు బ్లాగులకు ఇంటిగోడ వంటిది. అప్పటికి వర్గాలు లేవు. 2006 ఆగస్టులో పరీక్షకు విడుదలైన కొత్త బ్లాగరుతో లేబుళ్ళు వచ్చాయి. మూస ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి మారింది. ఒక్క గుర్తు మూయకపోయినా, ఒక్క ఆంపర్‌సాండును దాని సంకేత రూపంలో రాయకపోయినా మూస భద్రం కాదనేది ఆ రోజుల నుంచే. బ్లాగు పేరు కింద ఉన్న ఖాళీ విభాగంలో "కొత్త అంశం చేర్చవచ్చునా" అన్న ప్రశ్నకు మూసలో "వద్దు" అని రాసి ఉండేది. దానిని "సరే" అని మార్చి, అక్కడ లంకెల జాబితా పెట్టి, సీఎస్‌ఎస్‌తో అడ్డం తిప్పితే అదే మెనూ. ఈ చిట్కా ఎంతమంది ఎంతమందికి చెప్పుకొన్నారో! వర్డ్‌ప్రెస్‌లోనైతే 2005 ఫిబ్రవరి నాటి 1.5 కూర్పుతో థీములు, పుటలు వచ్చినా, కోరిన లంకెలను కోరిన వరుసలో పేర్చుకొనే సొంత మెనూ 2010 జూన్ 17న విడుదలైన 3.0తో గాని రాలేదు. అది కూడా వూథీమ్స్‌వారు తమ థీముల కోసం రాసుకొన్న సరంజామా నుంచి తీసుకొన్నదే.

నేను మెనూ రాసుకొన్న 2009 నాటికి ఇవన్నీ చేతిపనులే. కాబట్టి మూస తెరిచి ఆ ఆరు వరుసలూ మళ్ళీ చదివాను. మూయని గుర్తు లేదు. వంకర కొటేషన్లు లేవు. వరుస తప్పలేదు. మిరప సరిగా ఉన్నది, దాని పక్కనున్న రైలు సరిగా లేదు. రెండూ ఒకే అచ్చున రాసిన వరుసలు.

అప్పుడు పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. మెనూ పెట్టిన కొత్తలో "రైలు" అన్న మాట తెర మీద "రెలు" అని కనిపించేది. ఆంగ్లాక్షరాల కొలతకు కోసిన ఆ పట్టీ ఎత్తులో మన ఒత్తులు, ఐత్వపు కింది తోక ఇమిడేవి కావు. ఎత్తు దాటినదంతా దాచెయ్యమని సీఎస్‌ఎస్‌లో ఉన్నందువల్ల తోక తెగిపోయేది. ఇది నా ఒక్కడి బాధ కాదు. ఆ నాటి థీములన్నీ మరో లిపి కోసం కుట్టిన చొక్కాలు. మినిమాలో పక్కపట్టీ శీర్షికలకు అన్నీ పెద్ద అక్షరాలుగా మార్చమనీ, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెంచమనీ ఆదేశం ఉండేది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న భేదమే లేని మనకు మొదటిది వృథా. రెండవది హాని. అక్షరాల మధ్య ఎడం పెంచినా, వరుసను రెండు అంచులకూ సర్దినా ఆనాటి ఫైర్‌ఫాక్స్‌లో గుడులూ కొమ్ములూ ఒత్తులూ తల్లి అక్షరాన్ని విడిచి దూరంగా నిలబడేవి. 2008 జూన్‌లో 3వ కూర్పు వచ్చేదాకా "మీ బ్లాగు ముక్కలుగా కనబడుతున్నది" అని ఒకరికొకరం చెప్పుకొంటూనే ఉన్నాము. ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నా, ప్రాంతీయ అమరికలలోకి వెళ్ళి సంక్లిష్ట లిపులకు మద్దతు చేతనం చేసుకొంటే గాని అక్షరాలు కుదురుగా నిలిచేవి కావు.

నేను పట్టీ ఎత్తు పెంచి ఆ తోకను రక్షించుకొన్నాను. "రైలు" మళ్ళీ రైలు అయింది. కంటికి సరిగా కనిపించింది గనుక పని పూర్తయిందనుకొన్నాను. నా అసలు పొరపాటు అక్కడే ఉన్నదని ఇప్పుడు తెలుస్తున్నది.

మూసలో దోషం లేదని తేలాక చిరునామాల వైపు చూశాను. తెలుగు చిరునామా అన్నది మరొక పెద్ద కథ. బ్లాగరులో టపాకు తెలుగులో శీర్షిక పెడితే చిరునామాలో "బ్లాగ్ పోస్ట్" అని ఆంగ్లంలో పడి, తరువాత ఒక అంకె తగులుకొనేది. అందుకే ముందు ఆంగ్లంలో పేరు పెట్టి ప్రచురించి, వెంటనే వెనక్కు వెళ్ళి తెలుగులోకి మార్చే కిటుకు మనవాళ్ళు కనిపెట్టారు. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను అంగీకరించేది. కాని చిరునామాలో తెలుగు అక్షరం తెలుగుగా ప్రయాణించదు. యూటీఎఫ్-8లో మన ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడతాయి. చిరునామాలో ఒక్కొక్క బైటును శాతం గుర్తుతోనూ రెండు అంకెలతోనూ రాయాలి. అంటే ఒక్కొక్క సంకేతానికి తొమ్మిది స్థానాలు. "నల్లపాడు" అన్న ఊరిపేరులో, పొల్లుతో, గుణింతపు గుర్తులతో కలిపి, ఎనిమిది సంకేతాలు. చిరునామాలో అది 72 స్థానాలు తింటుంది. వర్డ్‌ప్రెస్ చిరునామాలో శీర్షిక భాగానికి 200 స్థానాల హద్దు ఉన్నందున, తెలుగు శీర్షిక 22 సంకేతాలకు మించితే తోక తెగుతుంది. మన చిరునామాలు సగం మాటలో ఆగిపోవడానికి కారణం అదే.

నా మెనూలో అంత పొడుగు మాటలు లేవు. అయినా రెండు "రైలు" పుటల చిరునామాలనూ నకలు తీసి, ఒకదాని కింద ఒకటి అతికించి చూశాను. మెనూ ఇచ్చిన దానిలో రైలు అన్న మాటకు 36 స్థానాలు. టపా అడుగున ఉన్న లంకెలో 45. తొమ్మిది ఎక్కువ. అంటే ఎక్కడో ఒక సంకేతం ఎక్కువ ఉన్నది!

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పాత విహారిణులు చిరునామా పట్టీలో ఆ శాతం గుర్తుల వరుసనే చూపించేవి. ఎంత అసహ్యంగా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ 3 వాటిని విప్పి చక్కగా తెలుగులో చూపడం మొదలుపెట్టినప్పుడు సంతోషించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ చక్కదనమే ఇన్నాళ్ళూ ఈ తేడాను నాకు కనబడనివ్వలేదు. పాత వికారమే ఉంటే 2009లోనే పట్టుబడి ఉండేది.

తేడా రకారం పక్కన ఉన్నది. మెనూలో ఐత్వం ఒకే సంకేతం: 0సీ48. బైట్లలో చెబితే ఈ0 బీ1 88. రెండవదానిలో ఐత్వం రెండు ముక్కలు: మొదట ఎత్వం 0సీ46, ఆ వెనుక ఐత్వపు కింది తోక 0సీ56. బైట్లలో ఈ0 బీ1 86, ఈ0 బీ1 96. తెర మీద రెండూ ఒకటే. యంత్రానికి వేరువేరు మాటలు.

వెంటనే తక్కిన వర్గాలు చూశాను. రైతు రెండున్నవి. కైఫీయతులు రెండున్నవి. ఊరు, పత్తి, మిరప ఒక్కొక్కటే. వాటిలో ఐత్వం లేదు మరి! మెనూలో సగం మాటలు ఎందుకు చెడినవో, సగం ఎందుకు చెడలేదో అప్పుడు బోధపడింది.

ఈ రెండు ఐత్వాలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 స్థానాలు కేటాయించారు. భారతీయ లిపుల అమరికకు 1988 నాటి ఇస్కీ ప్రమాణం ఆధారం. ఇస్కీలో ఐత్వం ఒకే సంకేతం. యూనికోడు దానిని అలాగే తీసుకొంటూ, కింది తోకకు కూడా విడిగా ఒక స్థానం ఇచ్చింది. చేతిరాతకు అది సబబే. బడిలో మనకు నేర్పింది అలాగే గదా: ముందు పైన ఎత్వం, తరువాత కింద తోక. అయితే ఒకే అక్షరాన్ని రెండు విధాలుగా రాసే వీలున్నప్పుడు ఆ రెండూ సమానమేనని ఎవరో చెప్పాలి. యూనికోడు చెప్పింది కూడా. దాని పట్టికలో 0సీ48కి ఎదురుగా, ఇది 0సీ46, 0సీ56ల జంటకు సమానం అని ఉన్నది. మన పక్కనున్న కన్నడానికి ఇటువంటి సమాన జంటలు అయిదు. తెలుగు మొత్తానికి ఇది ఒక్కటే. ఒక్కటే కావడం వల్లనే కాబోలు దీనిని ఎవరమూ పట్టించుకోలేదు. సమానమైన వాటిని ఒకే రూపానికి తెచ్చే పనిని నార్మలైజేషన్ అంటారు. ఆ పని తనంతట తాను జరగదు. ఎవరో ఒకరు చేయించాలి.

ఇక ఆ తోక నా బ్లాగులోకి ఎలా దూరిందో ఊహించడం కష్టం కాదు. యూనికోడుకు ముందరి ఖతులలో అక్షరానికి సంకేతం ఉండదు, అక్షరపు ముక్కకు ఉంటుంది. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, ఐత్వపు తోక ఒక ముక్క. ఏ ఖతి ముక్కల వరుస దానిది. ఈనాడు వంటి పత్రికల జాలస్థలాలు ఆ రోజుల్లో సొంత ఖతులతోనే నడిచేవి. వెన్న నాగార్జునగారి పద్మ వచ్చి వాటిని ఫైర్‌ఫాక్స్‌లోనే యూనికోడులోకి మార్చి చూపేదాకా వాటిలోని మాట వెతకడానికి గాని, నకలు తీయడానికి గాని వీలుండేది కాదు. డీటీపీ ఖతులదీ అదే దారి. నేను వాడిన మార్పిడి పరికరం ముక్కకు ముక్క చొప్పున మార్చింది: ఎత్వానికి ఎత్వం, తోకకు తోక. అది చేసినది తప్పని కూడా అనలేను. యూనికోడు లెక్కన రెండు రూపాలూ సరైనవే. నేను ఆ ఫైళ్ళ నుంచి వచ్చిన టపాలకు వర్గం పేరును శీర్షికలో నుంచి నకలు తీసి అతికించాను. నోటు పుస్తకాలలోనుంచి లేఖినిలో టైపు చేసిన తొమ్మిది టపాలకు మాత్రం చేత్తో రాశాను. మెనూలో చిరునామానూ చేత్తోనే రాశాను. నా చేతిరాతకు నా చేతిరాతే దొరికింది. మామయ్య పుస్తకం కోసం కంపోజు చేయించుకొన్న పద్నాలుగూ అటు ఉండిపోయాయి.

నిజానికి ఆ తేడా ఒకప్పుడు నా కంటి ముందే ఉండేది. మెనూ రాక మునుపు పక్కపట్టీలో వర్గాలన్నీ వరుసగా కనబడేవి. సంకేతాల వరుసలో 46 ముందు, 48 తరువాత గనుక, రైతు, రైలు, మళ్ళీ రైతు, రైలు అని రెండేసి సార్లు వచ్చేవి. ఏదో మూస చేష్ట అనుకొన్నాను. పుట చిందరవందరగా ఉన్నదని ఆ జాబితాను తీసివేసి, ఆరు మాటల మెనూ పెట్టి, ముచ్చటగా ఉన్నదని మురిసిపోయాను. మెనూ అంటే ఎన్నిక. దేన్ని చూపాలో చెప్పడంతోపాటు దేన్ని కనబడనీయకూడదో కూడా అదే చెబుతుంది. ఆ పద్నాలుగు టపాలను దాచినది యంత్రం కాదు, నా ముచ్చట.

సరిదిద్దడం తేలికే. పైథాన్ భాషలో యూనికోడు పనులకు ఒక గ్రంథాలయం అందుబాటులో ఉంటుంది. (పైథాన్ అన్న మాటలోనూ ఐత్వం ఉన్నది, చూశారా!) బ్లాగు మొత్తాన్ని దింపుకొని, నాలుగైదు వరుసల ప్రోగ్రాముతో జంట ఐత్వాలన్నింటినీ ఒంటి ఐత్వాలుగా మార్చాను. వర్గాల పేర్లను మాత్రం టపా టపాకూ వెళ్ళి చేత్తో మార్చుకొన్నాను. రెండు సాయంత్రాల పని. "రైలు" నొక్కితే ఇప్పుడు ఇరవై మూడు వస్తున్నవి.

ఆ ఊపులో మిగిలిన వర్గాలనూ తడిమితే మరొకటి బయటపడింది. "స్టేషన్" అన్న వర్గం కూడా రెండున్నవి. అక్కడ ఐత్వం లేదు. ఒకదాని చివర, నకారపొల్లు తరువాత, కనిపించని అతుకు నిరోధకం ఒకటి ఉన్నది. "సాఫ్ట్‌వేర్" వంటి మాటలలో పొల్లు పక్కనున్న హల్లుతో కలిసిపోకుండా మనం మధ్యలో వేసే గుర్తే అది. మాట చివర దానితో పని లేదు; అలవాటు కొద్దీ పడిపోతుంది. దానిని నార్మలైజేషన్ కూడా తీసివేయదు. ఎందుకంటే మాట మధ్యలో అది అర్థవంతమైనదే. అక్కడ వేరుగా వెతికి తీసుకోవలసినదే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మనలో చాలామందిమి ఏదో ఒక పాత ఖతిలోనుంచి యూనికోడులోకి వచ్చినవాళ్ళమే. ఎవరో నాన్నగారి వ్యాసాలు, ఎవరో తాతగారి పద్యాలు, ఆగిపోయిన లిఖిత పత్రికల సంచికలు మార్చి మార్చి బ్లాగులలో నింపాము. వాటికి మెనూలు కట్టాము. కూడలి, తేనెగూడు, జల్లెడ, హారం వంటి సంకలినులు నడిచిన రోజుల్లో కొత్త టపా దానంతట అదే నలుగురి కంటా పడేది. పాత టపాకు ఆనాడూ మెనూ ఒక్కటే దారి. ఆ దారి తెగినా తెరమీద ఏ దోషమూ రాదు. ఖాళీ పుట కూడా రాదు. తొమ్మిది టపాలు వస్తాయి. తొమ్మిదే ఉన్నాయి కాబోలు అని చదివేవాళ్ళు వెళ్ళిపోతారు. మనం ఉన్నంతకాలం "లేదు, ఇంకా ఉన్నవి" అని చెప్పగలం. తరువాత చెప్పేవారెవరు?

పరీక్ష కష్టమైనది కాదు. మీ మెనూలో ఐత్వం ఉన్న మాట ఏదైనా ఉంటే, రైలో, రైతో, పైరో, వైద్యమో, దాని మీద నొక్కి, వచ్చిన చిరునామాను నకలు తీసి ఉత్త పాఠ్యపు ఫైలులో అతికించండి. అదే వర్గం గల పాత టపా అడుగున ఉన్న లంకెతో పోల్చండి. పొడవులో తొమ్మిది తేడా ఉంటే మీ ఇంట కూడా రెండు ఐత్వాలున్నట్లే. పొల్లుతో ముగిసే మాటలనూ అలాగే చూడండి.

మామయ్య గేజి మార్పిడి టపాలో ఒక సంగతి రాశారు. మీటరు గేజికి పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజికి 1676. దూరం నుంచి చూసేవాడికి రెండూ రెండు ఇనుప గీతలే. ఏది ఏదో చెప్పలేడు. బండికి మాత్రం ఆ తేడా తెలుస్తుందట. ఫోనులో మనుమరాలికి లంకె పంపి, ముందు ఇది చదువు అన్నాను. చదివి, తక్కిన పదమూడూ కూడా ఆ రాత్రే చదివిందట. మరునాడు మళ్ళీ ఫోను చేసి, "కైఫీయతులు అన్నచోట కూడా ఎక్కువ వస్తున్నాయి మామయ్యా, కొత్తగా పెట్టారా?" అని అడిగింది.

కొత్తగా పెట్టలేదమ్మా, ఎప్పటినుంచో ఉన్నవే అని చెప్పాను.